విద్యుత్తు తీగెలు – అడవి నిప్పు

విద్యుచ్ఛక్తి వలదనువారు నేడు పల్లెలో నొక్కరును లేరు. పొలములోని మోటారు, పిండిమర, పాఠశాలలోని పంకా, ఆసుపత్రిలోని దీపము – ఇవి యన్నియు తీగెవెంట వచ్చు శక్తిచేతనే నడచుచున్నవి. కావున ఖమ్మము జిల్లా తూర్పు పొలిమేరలందును, భద్రాచలపు టడవుల యంచునను క్రొత్త తీగెలు సాగుటను మే మాక్షేపింపము. ఆ తీగెలు వేయు పద్ధతినిగూర్చి మాత్రము ప్రజలును, ప్రభుత్వమువారును శ్రద్ధ వహింపవలసియున్నదని మా యభిప్రాయము. టవరు నిలుపుటకు ముందు చెట్టు కొట్టవలెను. కొట్టిన మ్రాను బండిమీద పోవును. మిగిలిన కంపయు, రొట్టయు ఎవరికిని అక్కఱలేనిదై యచ్చటనే కుప్పపడును. ఆ కుప్పకు నిప్పు పెట్టుట పనివాని కన్నిటికంటె సులభమైన మార్గము. ఆ యొక్క అగ్గిపుల్లయే యీ వ్యాసమునకు విషయము.

వేంసూరు మండలమును చూచినవారు దాని నడవిసీమ యనరు. మామిడితోటలు, ఆయిల్ పామ్ తోటలు, వరిమళ్లు, ప్రత్తిచేలు అచ్చటి సంపద. దక్షిణమున ఆంధ్రప్రదేశపు హద్దు. ఉత్తరముగా సత్తుపల్లి చేరి, అటనుండి దమ్మపేట, అశ్వారావుపేటలవైపు సాగినచో టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లుగల యడవి మొదలగును. అది గోదావరి దాటి, భద్రాచలము మీదుగా బస్తరువఱకును వ్యాపించియున్నది. 1973 నుండి 1978 వఱకు ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావుగారు వేంసూరు శాసనసభాస్థానమునుండి ఎన్నికైన నాయకులు. ఆయన పేరిట సింగరేణివారి ఉపరితల బొగ్గుగని సత్తుపల్లిలో నున్నది. గనిలో తుపాకిమందు ప్రేలుడు, లారీల రాకపోకలు, బొగ్గు కొఱకు వేసిన రైలుదారి – ఇవి యా ప్రాంతమువారి కిదివఱకే దుమ్మును పరిచయము చేసినవి. అట్టిచోట క్రొత్తగా వచ్చు ప్రతి పొగయు, ప్రతి ధూళియు నున్నదానిపై చేరునదే గాని, శుభ్రమైన గాలిలో కరగిపోవునది కాదు.

ఈ సీమలో తీగెల కథ పాతది. పాల్వంచలోని కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రములో మొదటి యంత్రము 1966లో తిరిగినది. ఆ పాత కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురములను 2024 ఆగస్టు 5న కూల్చివేసిరి. కాని 800 మెగావాట్ల క్రొత్త యంత్రము 2018లోనే యచ్చట నడక సాగించినది. మణుగూరు చెంత 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రము లేచినది. గోదావరి నీటిని ఎత్తి ఖమ్మము, కొత్తగూడెము జిల్లాలకు పారించు సీతారామ ఎత్తిపోతల పథకపు పంపులను 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రిగారు ప్రారంభించిరి. ఆ పంపులు తిరుగవలెనన్న తీగెలు కావలెను. నీరు సత్తుపల్లి వైపున కెంతెంత వచ్చునో తీగెలు నంతంత పెరుగును. కాలువకు సంతోషించిన రైతు టవరునకు విచారింపరాదని కొందఱందురు. కాలువ నీరిచ్చును, టవరు నీడను గూడ ఈయదు అని రైతు బదులు చెప్పును. ఇరువురి మాటలోను న్యాయము గలదు.

తీగె వేయుట యనగా ఎంత నేల తెఱపిచేయుటయో చాలమందికి తెలియదు. 132 కిలోవోల్టుల లైనుకు 27 మీటర్లు, 220 కిలోవోల్టులకు 35 మీటర్లు, 400 కిలోవోల్టులకు 46 మీటర్లు వెడల్పుగల దారి కావలెనని నియమము. 220 కిలోవోల్టుల లైను పది కిలోమీటర్లు సాగినచో ఆ దారిక్రిందికి వచ్చు నేల 35 హెక్టార్లు. మన లెక్కలో ఎనుబదియారు ఎకరములకు పైమాట. ఈ దారి యంతయు బోడి చేయవలెనని యెవరును చెప్పలేదు. అడవులలో తీగెలు వేయుటకు కేంద్ర అటవీశాఖవారి సూచనలు స్పష్టముగా నున్నవి: ఒక్కొక్క తీగెక్రింద 3 మీటర్ల బాట మాత్రమే పూర్తిగా నరుకవచ్చును, తీగె లాగుట పూర్తియైన పిమ్మట అందును మొక్క తిరిగి మొలచుటకు విడువవలెను, లైను బాగోగులు చూచుకొనుటకు ఒక యంచుబాటను మాత్రము ఖాళీగా నుంచుకొనవచ్చును. మిగిలిన వెడల్పులో చెట్టుకును తీగెకును నడుమ ఉండవలసిన దూరమునకు భంగము రాకుండునంతవఱకే కొమ్మలు కొట్టవలెను. ఆ దూరము 132 కిలోవోల్టులకు 4 మీటర్లు, 220కి 4.6, 400కి 5.5. ఈ సూచనలను యథాతథముగా పాటించినచో నరుకుడు సగమునకు సగము తగ్గును. నరుకుడు తగ్గిన కంప తగ్గును. కంప తగ్గిన నిప్పు తగ్గును. కాని గొడ్డలి పట్టినవాని చేతికి కొలబద్ద యిచ్చువారేరి? దారి యంతయు ఒక్కసారిగా చదును చేయుట గుత్తదారునకు సులభము.

ఇంతకంటెను ముందుగా అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. క్రొత్త దారి నిజముగా కావలయునా? దిగువ సీలేరునుండి బస్తరులోని బార్సూరు వఱకు సుమారు 196 కిలోమీటర్లు ఈ యడవులగుండానే సాగిన లైనుపై 1989లో ఏకముఖ విద్యుత్ప్రవాహపు ప్రయోగమును మన దేశపు ఇంజనీర్లు చేసిరి. అప్పటికే నిలచియున్న లైనునే యందులకు మార్చుకొనిరి. ఆ ప్రయోగపు తరువాతి చరిత్ర యెట్టిదైనను, నిలచియున్న టవర్లమీదనే ఎక్కువ శక్తిని పంపవచ్చునను ఆలోచన మన ప్రాంతమున కొత్తది కాదని యది సాక్ష్యమిచ్చుచున్నది. నేడు ఎక్కువ వేడిమిని తట్టుకొను క్రొత్తరకపు తీగెలు వచ్చినవి. పాత తీగెను దింపి, పాత టవర్లమీద వీనిని కట్టినచో పెక్కుచోట్ల క్రొత్తగా చెట్టు కొట్టు పనియే యుండదు. ఖర్చు హెచ్చును, నిజమే. ఆ హెచ్చును లెక్కించునప్పుడు అడవి వెలను, పొగ వెలను గూడ తక్కెడ రెండవ సిబ్బెలో వేసి చూడవలెను.

ఇక కాలమును చూతము. మన యడవులు ఆకురాల్చు నడవులు. మాఘమునుండి ఆకు రాలుట మొదలగును. ఫాల్గుణము నాటికి నేల యంతయు ఎండుటాకు పఱచుకొనును. ఇప్పపూవు రాలు దినములవి. వెనువెంటనే తునికాకు కోత. ఫిబ్రవరినుండి మే నెల వఱకు అడవికి నిప్పుకాలము. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము ఎండలకు పేరుమోసిన యూళ్లు. వడగాడ్పు వీచు మధ్యాహ్నము పచ్చికొమ్మయే వాడిపోవుచుండగా ఎండురొట్ట మాట చెప్పనేల? సరిగా ఈ నెలలలోనే లైను పనులు ముమ్మరముగా సాగును. ఎందుకనగా, పంటలు కోసిన తరువాతనేగాని రైతు తన చేనిలోనికి లారీని రానీయడు; వానకాలమున బండ్లు దిగబడును. రైతు కోరికయు న్యాయమే. పంట నిలిచియుండగా చేలో టవరు కట్టుమని మేము చెప్పజాలము. కావున చేని పంటను కాపాడు కాలమే అడవిని కాల్చు కాలమగుచున్నది. ఈ చిక్కును గుర్తింపక "జాగ్రత్తగా నుండుడు" అని సర్క్యులరు పంపుటవలన ప్రయోజనము లేదు.

చిక్కు విడిపోవు మార్గము మాకు తోచినది చెప్పుచున్నాము. చెట్టు కొట్టు పనిని, టవరు కట్టు పనిని వేఱుచేయవలెను. అడవి భాగములలో నరుకుడు పని వానలు వెనుకబట్టిన పిదప, కార్తిక మార్గశిరములలో, నేల తడిగా నున్నపుడు జరుగవలెను. నరికిన దానిలో మ్రాను, కొమ్మ, రొట్ట యనక సమస్తమును సంక్రాంతి లోపల దారినుండి తొలగింపవలెను. ఆ పిమ్మట వేసవిలో టవర్లు కట్టుకొనుడు, తీగెలు లాగుకొనుడు; శుభ్రమైన నేలమీద నిప్పురవ్వ పడినను అది పాకదు. చేలలో మాత్రము కోత తరువాతనే పని. ఇట్లు చేసినచో రైతు నష్టపడడు, అడవి నష్టపడదు. గుత్తదారునకు రెండుమారులు మనుష్యులను దింపవలసిన శ్రమ మాత్రము కలుగును. ఆ శ్రమకు కూలి యీయవలసినదే. పనినంతయు ఒక్క మొత్తముగా గుత్తకిచ్చి, కంప తొలగింపును అందులో ఇమిడిపోవు చిల్లరగా విడిచినప్పుడు, దానిని కాల్చుట కంటె చవుకైన మార్గము గుత్తదారునకు తోచకపోవుట వింత కాదు. కంప తొలగింపునకు టెండరులో వేఱు పద్దు, వేఱు ధర వ్రాయుడు. కాల్చినట్లు కనబడినచో ఆ పద్దు సొమ్ము ఆపుడు. ఉపదేశముకంటె నిది చాల మేలు చేయును.

కాల్చనిచో ఆ కంప నేమి చేయవలెనని యడుగుదురు. మంచి ప్రశ్న. జామాయిలు, సుబాబులు మ్రాకులైనచో సారపాక కాగితపుమిల్లు దాపుననే యున్నది. వంటచెఱకుగా పనికివచ్చు కొమ్మలను సమీపగ్రామములవారికి పంచవచ్చును. దారి ప్రక్కన కుప్పవేసి తెలియజేసినచో రెండుదినములలో అది మాయమగునని పల్లెల నెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మిగిలిన రొట్టకు, సన్నకంపకు, ట్రాక్టరుతో నడచునట్టి ముక్కలుచేయు యంత్రములు దొరకును. ఆ ముక్కలను ఆయిల్ పామ్, మామిడి పాదులలో పఱచినచో తేమ నిలుచును, కొన్నాళ్లకు ఎరువగును. దమ్మపేట, అశ్వారావుపేటలలో ఆయిల్ పామ్ రైతులు తమ తోటలోని కొట్టివేసిన మట్టలనే వరుసల నడుమ పఱచుట యెఱుగనిది కాదు. అయితే ఒక హెచ్చరిక: ముక్కలను టవరు కాళ్లచుట్టును గాని, అడవిలో మోకాలిలోతున గాని పోయరాదు. దట్టముగా ఎండిన ముక్కల కుప్ప లోలోపల రాజుకొని దినములతరబడి ఆరకుండ నుండును.

పొగనుగూర్చి మన పల్లెలలో ఒక యుపేక్ష యున్నది. చలికి మంట వేయుదుము, దోమకు పొగ వేయుదుము, చేనిలో ప్రత్తికంప కాల్చుదుము. పొగలో పుట్టి పెరిగినవారము, పొగ మనల నేమి చేయునని యందురు. కాని పచ్చికంప కాలినప్పుడు మంట తక్కువ, పొగ ఎక్కువ. తేమ వేడిమిని మ్రింగుటచే దహనము పూర్తికాక బొగ్గుపులుసు విషవాయువులును, కంటికి కానరాని నుసియును గాలిలో చేరును. ఆ నుసిలో రెండున్నర మైక్రానులకు లోబడినది తలవెండ్రుక మందములో ఇరువదవవంతునకు మించదు; ముక్కు దానిని ఆపజాలదు; ఊపిరితిత్తుల లోతునకు దిగి రక్తములో కలియును. ఇట్టి నుసి యొక ఘనపు మీటరు గాలిలో ఇరువదినాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదని 2009లో మన దేశము ప్రమాణము నిర్ణయించుకొన్నది. పుష్యమాసపు తెల్లవాఱుజామున గాలి కదలక, చలిపొర క్రింద పొగ పడుకొనియుండు సమయమున ఊరి ప్రక్కన నాలుగు కంపకుప్పలు కాలినచో ఆ యూరి గాలిలో ఈ ప్రమాణ మెక్కడ నుండును? ఉబ్బసము గలవానికి, పసిబిడ్డకు, క్షయ తగ్గి కోలుకొనుచున్నవానికి ఆ వారము దుర్దినములే. టవరునకు పరిహార మున్నది. ఈ దగ్గునకు లేదు.

దుమ్ము సంగతి పొగకంటె చిన్నది గాని, వదలదగినది కాదు. ఒక్కొక్క టవరునకు నాలుగు గోతులు త్రవ్వవలెను. కంకర, ఇసుక, సిమెంటు, ఉక్కు చేరవేయు లారీలు బండ్లబాటలను మెత్తని పిండి చేయును. ఆ పిండి మామిడిపూతమీద పడినచో పూత మాడునని తోటవారు మొఱపెట్టుకొందురు. పూత సమయమున బాటను దినమునకు రెండుసార్లు నీటితో తడుపుట, లారీల వేగమును తగ్గించుట, ఇసుకపై పట్టా కప్పుట, త్రవ్విన మన్నును అప్పటికప్పుడు గోతిలో పూడ్చి తడిపి దిమ్మిస చేయుట – ఇవి శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పవలసినవి కావు. 2018 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖవారు నిర్మాణపు దుమ్మును నిరోధించుటకు నియమములు ప్రకటించిరి. వారి చూపు పట్టణముల మీదనే యుండినది. పల్లెవాని ఊపిరితిత్తులు వేఱు ధాతువుతో చేయబడినవని వారి తలంపు కాబోలు! జనరేటర్ల పొగపై మాత్రము 2023 జూలై 1 నుండి కఠినతరమైన ప్రమాణములు వచ్చినవి. పని జరుగుచోట పాత జనరేటరు నల్లపొగ క్రక్కుచుండినచో ఆ ప్రమాణము కాగితముననే యున్నదని యర్థము.

కంపకుప్ప యొక్కటే కాదు, నిప్పు పుట్టు తావులు మఱికొన్ని గలవు. టవరు భాగములను బోల్టులతో బిగింతురు. దొంగలు విప్పుకొని పోకుండ క్రిందిభాగపు బోల్టులను వెల్డింగుతో అంటింతురు. ఆ నిప్పురవ్వలు రాలునది ఎండుగడ్డిమీద. చెట్టుకోయు ఱంపపుయంత్రము వేడెక్కియుండగానే పెట్రోలు పోయుట మఱియొకటి. లారీ పొగగొట్టము ఎండుటాకునకు తగులుట ఇంకొకటి. దూరపు రాష్ట్రములనుండి వచ్చి టవర్లెక్కు శ్రామికులు అడవి యంచున గుడారములు వేసికొని మూడురాళ్ల పొయ్యిలపై వండుకొందురు. వారి ప్రాణములకే అది మొదటి యపాయము. వారికి గ్యాసుపొయ్యి యిచ్చుట గుత్తదారునకు భారము కాదు. వెల్డింగు చేయుచోట పది మూరల చుట్టు గడ్డి చెక్కి, ప్రక్కన నీళ్లడ్రమ్ము, ఇసుక, పచ్చికొమ్మలతో ఇద్దఱు మనుష్యులను నిలిపి, పని ముగిసిన పిమ్మట ఒక గంటసేపు కాచుకొనవలెను. వడగాడ్పు వీచు మధ్యాహ్నములలో వెల్డింగు మానవలెను. అటవీశాఖవారు వేసవిలో నియమించు నిప్పు కావలివారు ఆకులూదు యంత్రములతో బాటలు చేయుచుందురు. లైను పని జరుగు దినములను వారికి ముందుగా తెలిపినచో వారి కావలి అటువైపు మళ్లును. తెలుపనిచో ఒక చేత ఊడ్చినదానిని మఱొక చేత అంటించినట్లగును.

నిర్మాణములోని చిన్నలోపము ఎన్ని యేండ్ల తరువాత ఏమి చేయునో ఆస్ట్రేలియా చూపినది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రమును కాల్చిన మంటలలో 173 మంది మరణించిరి. వారిలో 119 మందిని బలిగొన్న కిల్మోర్ ఈస్టు మంట ఒక్క తీగె తెగుటవలన పుట్టినది. తీగె కొసను బిగించు చుట్టుకమ్మి తన గాడిలో సరిగా కూర్చుండలేదనియు, ఆ చోటుననే కదలికకు తీగెపోగులు అలసి తెగినవనియు రాయల్ కమిషను తేల్చినది. వ్రేలెడు వస్తువు! 2018 నవంబరు 8న అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్యారడైజు పట్టణమును బూడిద చేసి 85 మందిని చంపిన మంటయు ఒక పాత టవరుమీద అరిగిపోయిన కొక్కెము విరుగుటవలననే పుట్టినది. మన యడవులు ఆ యడవులవంటివి కావు. మన మంటలు నేలబారున ప్రాకునవే గాని కొనలకెక్కి పట్టణములను మ్రింగునవి కావు. ఐనను కట్టునాడు ఇంజనీరు టవరెక్కి చూడకుండ సంతకము చేసిన కాగితము ఏ వేసవిలో నిప్పుగా మాఱునో చెప్పుట కష్టము.

లైను వెలసిన తరువాతి సంగతిని గూడ కట్టుచున్నపుడే ఆలోచింపవలెను. గొడుగువంటి చెట్లు పోయి వెలుతురు పడినచోట బోదగడ్డియు, పులికంపయు ఒక్క వానకే నిండును. వేసవిలో అది ఎండి, అడవికి అడ్డముగా పఱచిన వత్తివలె నుండును. అదే దారిని శుభ్రముగా నుంచినచో నిప్పు దాటలేని అడ్డుబాటయగును. వత్తియగుటయా, అడ్డుబాటయగుటయా యనునది ఏటేట మాఘమునకు ముందు ఒక్కసారి గడ్డి కోయించుటపై నాధారపడియున్నది. ఈ పనిని వనసంరక్షణ సమితులకో, మహిళాసంఘములకో ఏటి కూలిమీద అప్పగించినచో గడ్డి పశువులకు పోవును, డబ్బు ఊరిలో నిలుచును.

భూస్వాములైన మా పాఠకులకు చట్టములోని ఒక మాట తెలియవలసియున్నది. 2003 విద్యుచ్ఛట్టపు 164వ సెక్షనుక్రింద లైను వేయువారికి 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు టధికారములు సంక్రమించును. దొరల కాలపు ఆ చట్టము 2023 టెలికమ్యూనికేషన్ల చట్టముతో రద్దు కావింపబడినను, లైనుల విషయమున దాని మూడవభాగమును నిలిపియుంచిరి. అందుచే భూమి యజమాని కాదన్నను టవరు లేచును. ఇది యందఱెఱిగినదే. ఎఱుగనిది మఱొకటి: అదే చట్టపు పదవ సెక్షను, పని చేయువారు సాధ్యమైనంత తక్కువ నష్టము చేయవలెననియు, కలిగిన నష్టమునకు పూర్తిపరిహార మీయవలెననియు శాసించుచున్నది. పరిహారము చాలదన్నచో జిల్లా జడ్జిగారి నాశ్రయింపవచ్చును. కేంద్రమువారు 2024 జూన్‌లో జారీచేసిన మార్గదర్శకములు టవరు పాదముక్రింది నేలకు భూమి వెలలో 200 వంతులు, తీగెదారిక్రింది నేలకు 30 వంతులు నూటికి చొప్పున ఈయవలెనని రాష్ట్రములకు సూచించినవి. కాని మా మనవి ఈ లెక్కనుగూర్చి కాదు. లైను పనివారి నిప్పువలన తోట కాలినచో, గడ్డివాము కాలినచో అదియు "కలిగిన నష్టమే". రైతు దానిని టవరు పరిహారముతో కలిపి మాయము కానీయక వేఱుగా పంచనామా వ్రాయించుకొనవలెను.

ఇంతగా ఇతరుల నడిగిన తరువాత రైతుసోదరులను గూడ ఒకమాట యడుగక తప్పదు. తీగెల క్రింద వరికొయ్యలు, ప్రత్తికట్టె, మిరపకట్టె కాల్చుచున్నది ఎవరు? దట్టమైన పొగయు, మంటయు తీగెవఱకు లేచినప్పుడు గాలి తన నిరోధశక్తిని కోల్పోయి, తీగెనుండి తీగెకో నేలకో విద్యుత్తు దుమికి లైను ఆగిపోవును. క్రింద నున్నవాని ప్రాణమునకే మోసము. లైనుక్రిందనే ఆయిల్ పామ్ నాటి, అది పెరిగి తీగెనంటు వేళకు కోర్టులకెక్కుటయు మంచిది కాదు.

చివరకు అడవి మనుష్యుల మాట. అడవి కాలినదన్న వార్త రాగానే వ్రేలు చూపబడునది ఇప్పపూవు ఏరుకొను కోయస్త్రీమీదను, పోడు కొట్టుకొను వానిమీదను. పూవు కనబడుటకు చెట్టుక్రింద ఆకు కాల్చు నలవాటును, తునికి చిగురునకై పొదలు కాల్చు నలవాటును ఉన్నవి, మేము కాదనము. కాని ఈ వ్రేలు చూపుట యెప్పటినుండి వచ్చినది? 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడును నేరముగా చేసినది. ఆ బాధయే 1922లో అల్లూరి సీతారామరాజుగారి వెంట మన్యము లేచుటకు కారణములలో నొకటి. 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండిన భద్రాచలము తాలూకా ఆ మన్యమునకు పొరుగు. పరప్రభుత్వము పోయినది, చట్టములు మాఱినవి. ఐనను పది గజముల పోడుమంటకు కేసు, పది కిలోమీటర్ల తీగెదారిలో కాలిన కంపకుప్పలకు మౌనము అనినచో, పాత న్యాయమే క్రొత్త దుస్తులు ధరించినట్లు గాదా? 1981 వాయుకాలుష్య నిరోధచట్టము నిర్ణీత ప్రాంతములలో వంటచెఱకు కాని వస్తువులు కాల్చుటను నిషేధించు నధికారమును రాష్ట్రప్రభుత్వమున కిచ్చినది. రిజర్వు అడవిలో నిప్పుపెట్టుట 1967 అటవీచట్టము క్రింద నేరము. ఆ చట్టములలో గుత్తదారునకు మినహాయింపు ఎచ్చటను వ్రాయబడలేదు.

అడవి హక్కుల చట్టము 2006లో గ్రామసభకు అడవిని కాపాడు అధికార మిచ్చినది. 2013 ఫిబ్రవరిలో కేంద్రమువారు రహదారులు, విద్యుత్తు లైనులవంటి పొడవాటి పనులకు గ్రామసభ సమ్మతి సాధారణముగా అక్కఱలేదని వెసులుబాటు కల్పించిరి. సమ్మతి యక్కఱలేదన్నంతమాత్రమున సమాచారమును అక్కఱలేదని యర్థము కాదు. ఏ సర్వే నంబర్లలో ఏ దినమున చెట్టు కొట్టుదురు, కొట్టినది ఏ దినములోపల ఎక్కడికి తీసికొనిపోవుదురు, నిప్పు లేచినచో ఎవరికి ఫోను చేయవలెను – ఈ మూడు సంగతులు పంచాయతీ కార్యాలయపు బోర్డుమీద తెలుగులో వ్రాయించుటకు ట్రాన్స్‌కోవారికి గాని, పంపిణీ సంస్థవారికి గాని కష్టమేమియు లేదు. లైను రాష్ట్రపు హద్దునకు దాపున సాగునెడల అదే కాగితము ఆవలిరాష్ట్రపు అటవీశాఖకును పోవలెను. 2014లో ఏడు మండలములు అటు చేరిన పిదప ఒకే యడవికి ఇద్దఱు కాపరులు ఏర్పడిరి. వేంసూరు మొదలుకొని అశ్వారావుపేట వఱకు గల పంచాయతీలవారు ఈ కార్తికమునకు ముందే యా మూడు సంగతులను వ్రాతమూలకముగా అడుగవలెనని మేము కోరుచున్నాము. సంక్రాంతి తరువాత అడుగుట ఆలస్యమగును.